నొప్పికి పుట్టినవి

ప్రియాంక చేతిలోంచి పెన్ను జారి బల్ల కిందికి దొర్లింది.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన చటుక్కున వంగి, తీసి ఇచ్చాడు.

ఆమె ఆయన వంక అనుమానంగా చూసింది.

బందరులో మాజీ సైనికుల సంఘం ఆఫీసు అది. దెబ్బలు తగిలి ఇంటికొచ్చిన జవాన్లకి డిజేబిలిటీ పెన్షన్ అర్జీలు రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. నడుం పోయిన మనిషి అంత తేలిగ్గా వంగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"నడుం దెబ్బ అన్నారుగా?"

"అవునమ్మా. దాన్ని మెడికల్ బోర్డు ఎప్పుడో ఒప్పుకుంది. పెన్షనూ వస్తోంది. నేనొచ్చింది దాని వెనకాల వచ్చినవాటి గురించి."

ఆమెకది కొత్త కాదు. ఏళ్ళ తరబడి నొప్పి ఉంటే నిద్ర కరువవుతుంది. మాత్రలు మింగీ మింగీ కడుపులో పుళ్ళు పడతాయి. కిడ్నీలు దెబ్బతింటాయి. మనసు కుంగిపోతుంది. ఇవన్నీ ఆ మొదటి దెబ్బకి పుట్టినవేనని డాక్టరు చేత రాయించి, బోర్డుని ఒప్పించాలి.

"పేరు?"

"పేరు తర్వాత రాద్దురు గానీ, ముందు వినండమ్మా."

"సరే. నిద్ర పడుతుందా?"

"నడుం వాల్చి ఎన్నేళ్ళయిందో. తెల్లారేదాకా గోడకి ఆనుకుని కూర్చోవడమే."

"కడుపు?"

"రక్తం పడుతోంది. కిడ్నీలు కూడా అయిపోయాయన్నారు."

"కోపం?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఒక్కతే కూతురు. గిన్నె కింద పడితే ఆ చప్పుడు వెన్నులో దిగేది. పాప నవ్వినా కసురుకోవడమే. దగ్గరికొస్తే నెట్టేయడమే. ఓ రోజు భార్య పాపని తీసుకుని వెళ్ళిపోయింది. ఆపలేదు. ఉంటే చెయ్యి చేసుకుంటానేమోనని భయం."

ప్రియాంక రాయడం ఆపేసింది.

వాళ్ళ నాన్న పోతయ్య కూడా జవానే. ఎదురుమొండిలోని ఆ ఇంట్లో గట్టిగా నవ్వాలంటే భయపడుతూ పెరిగిందామె. అమ్మ తన చెయ్యి పట్టుకుని ఏరు దాటించే పంటు ఎక్కిన రోజు, ఆయన గుమ్మం దాకా కూడా రాలేదు. నడుం నొప్పని తెలుసు. కానీ ఆయన మూలగ్గా ఒక్కసారి కూడా వినలేదు. ఆయనది రోగం కాదు, రాతి గుండె. ఫోన్ నంబరు ఎప్పుడో బ్లాక్ చేసేసింది.

"నొప్పి మనిషిని మార్చేస్తుందా అమ్మా?" పెద్దాయన అడిగాడు.

"మార్చేస్తుందండీ. బోర్డుకి నేను రాసేదే అది."

"బోర్డు సంగతి కాదు. ఆ కూతురు నమ్ముతుందా? ఒక్కసారి వచ్చి చూస్తుందా?"

"నేనైతే వెళ్ళను."

"చావుబతుకుల్లో ఉన్నా?"

"నొప్పి మీది. శిక్ష ఆ పిల్లకి పడింది. ఇప్పుడు జాలి కూడా ఆ పిల్లే పడాలా?"

అంత గట్టిగా అనాలని ఆమె అనుకోలేదు. పక్క బల్ల వాళ్ళు తలెత్తి చూశారు.

పెద్దాయన లేచాడు. కుర్చీ బల్ల కిందికి జరిపాడు.

"డాక్టరు రిపోర్టు లేనిదే క్లెయిము నిలబడదండీ" అందామె. "అయినా పెన్ను అలా వంగి తీసిన నడుం దెబ్బతిన్నదంటే బోర్డు నమ్మదు. ఈసారి నిజంగా నడుం నొప్పి ఉన్నవాళ్ళనే పంపండి."

"అలాగేనమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. పోతయ్య పోయాడని.

అమ్మ రానంది. వెళ్ళకూడదనుకుంటూనే ప్రియాంక అవనిగడ్డ బస్సెక్కింది. ఏటిమొగలో పంటు ఎక్కి ఏరు దాటి, ఇల్లు చేరేసరికి దహనం అయిపోయింది.

ఇంట్లో ఎవరూ లేరు. చిన్నప్పుడు అడుగుపెట్టడానికి భయపడిన గది తలుపు తోసింది.

గోడకి సున్నం ఒక్కచోటే పోయింది. మనిషి వీపంత మేర, నున్నగా, చెమట పట్టి నల్లబడిపోయింది. కింద నేల కూడా అక్కడే అరిగింది.

ఆమె ఆ మరక మీద చెయ్యి పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్నట్టనిపించి, ఉలిక్కిపడి తీసేసింది.

"వచ్చావామ్మా?"

తడి పంచెతో, గుండుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు ఆ పెద్దాయన.

"మీరా!"

"నన్ను దైవాధీనం అంటారమ్మా. మాది బంటుమిల్లి. మీ నాన్నా నేనూ ఒకే బెటాలియన్. మంచాన పడ్డాడని తెలిసిన దగ్గర్నుంచీ ఇక్కడే ఉంటున్నాను. కొరివి కూడా నేనే పెట్టాను."

"ఆ రోజు చెప్పినవన్నీ..."

"ఆయనవే. నాకు ఏ నొప్పీ లేదు."

"నాన్న పంపారని ఎందుకు చెప్పలేదు?"

"నా పేరు చెబితే వినదు, ముందు విననీ అన్నాడు. విన్నాక తనంతట తను వస్తానంటేనే చెప్పమని ఒట్టు వేయించుకున్నాడు."

ప్రియాంక గోడకి చేరబడింది.

"నేనన్న మాటలు నాన్నకి చెప్పారా?"

"లేదమ్మా. అమ్మాయి బయల్దేరిందని చెప్పాను. గుమ్మం వైపే చూస్తూ పోయాడు."

బయట ఏటి గాలికి తలుపు కొట్టుకుంటోంది.

"కన్నకూతుర్నై ఉండి నేనే ఆయన్ని వదిలేశాను. మీరెందుకండీ ఆయన కోసం ఇంత..."

దైవాధీనం తల దించుకున్నాడు.

"మంచు కొండ మీంచి లోయలోకి జారిపోతున్న నన్ను పట్టుకుని, వదిలెయ్యరా అని నేనే అరుస్తున్నా వదలకపోబట్టే కదమ్మా, మీ నాన్నకి నడుం విరిగింది."