ఊడదీసిన చైను

బండికి ఎడమవైపు చైను లేదు!

పెట్రోలు డబ్బా తెచ్చేలోపు ఎవరో ఊడదీసి, బురదలో చాపలా పరిచేశారు.

సహాయక దళం అధికారి విశ్వనాథ్ తల పట్టుకున్నాడు.

నేలమీదా నీళ్లలోనూ నడిచే ఎనిమిది చక్రాల బండి అది. వంశధార వరద తగ్గి మూడు రోజులైంది. ఏటి నడుమ ఉన్న లంకకు వెళ్లాలంటే పడవకు నీళ్లు చాలవు, ట్రాక్టరుకు బురద ఎక్కువ. చక్రాల చుట్టూ పట్టాల్లా రబ్బరు చైన్లు వేస్తేనే దారి.

లంకలో ఒకామె తెల్లవారుజామునుంచీ నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందట.

"ఎవడ్రా ఈ పని చేసింది?"

"ఇంకెవులు సార్? ఆ ముసిలోడే!" అన్నాడు డ్రైవర్ కూర్మయ్య.

గట్టుమీద లుంగీ ఎగగట్టి నిలబడ్డాడు నూకయ్య. పొద్దుటినుంచీ ఒకటే నస. మళ్లీ మొదలెట్టాడు.

"బాబూ, అంత బిగించకండి. ఇసక దూరితే ఇంకా బిగుసుకుంటాది. నాలుగు వేళ్లు పట్టేటంత ఒదులుండాల."

"వదులుగా ఉంటే ఊడిపోదా? నీకేం తెలుసు తాతా?" అన్నాడు విశ్వనాథ్.

"ఊడితే మళ్లీ ఏసుకోవచ్చు. ఇరుసు ఇరిగితే ఏటి సేస్తారు?"

"నీ నోట్లో మన్ను పడ! బండి కదలకముందే ఇరుగుడు మాటలేటి?" కూర్మయ్య ఆయన్ని రెక్క పట్టుకుని గట్టు దాటించాడు.

చైను మళ్లీ వేశారు. పిన్ను దిగ్గొట్టారు. ఇద్దరూ పానామీద వేలాడి మరీ బిగించారు. అరగంట పోయింది.

బండి కదిలింది.

రెండొందల గజాలు వెళ్లిందో లేదో, చైనుకూ చక్రాలకూ మధ్య ఇసుక కూరుకుపోయింది. ఇంజను మూలిగింది. టప్పుమంది.

ఇరుసు!

అంతలో లంకనుంచి ఆశా కార్యకర్త మెర్సీ ఫోన్. "ఎక్కడున్నారు సార్? నొప్పులకి పిల్ల సోలిపోతంది!"

విశ్వనాథ్ బండి దిగాడు.

మోకాలిలోతు బురదలో నూకయ్య నడిచొచ్చాడు. వంగి ఇరుసు తడిమాడు.

"ఇది ఇంక నడవదు. నడిసే పోదాం. మంచంమీద మోసుకొద్దాం. రెండు గంటలు పడతాది."

"ఆ చైను ఎందుకు తీశావు? అసలు ఎవరయ్యా నువ్వు?" విశ్వనాథ్ అరిచాడు.

"తీసింది నానే బాబూ. మిలట్రీలో ఇరవయ్యేళ్లు ట్యాంకులకి చైన్లేసినాను. మీరు ఇనలేదని, నానే ఒదులుగా ఏద్దామని ఇప్పినాను, అంతలో మీరొచ్చేసినారు. ఆ నొప్పులు పడతన్నది నా కూతురు. అది సెప్తే, కంగారులో వాగుతన్నాడనుకుంటారని సెప్పనేదు."