పొంగిన రబ్బరు

డిక్కీ తెరిచి బ్యాట్ సంచి జిప్పు లాగిన డ్రైవర్ ముత్యం చెయ్యి అక్కడే ఆగిపోయింది. టేబుల్ టెన్నిస్ బ్యాట్ మీది ఎర్ర రబ్బరు పూరీలా పొంగి ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయి, వేలు తీయగానే మళ్ళీ లేచింది.

మే నెల. దోహా ఎండ నిప్పులు చెరుగుతోంది. అల్ సద్‌లోని ఒక క్లినిక్ వెనక ఖాళీ స్థలంలో బండి మధ్యాహ్నమంతా నిలబడి ఉంది. లోపల భుజానికి స్కానింగ్ చేయించుకుంటున్నది రేష్మా కల్పూ. నెదర్లాండ్స్ ఛాంపియన్, నాలుగుసార్లు యూరప్ విజేత. స్పేర్ బ్యాట్ ఉన్న చిన్న సంచిని తన భుజానికే ఉంచుకుని, అసలు బ్యాట్‌ను ముత్యం చేతికిచ్చి, ఏసీలో పెట్టుకొని కూర్చోమని చెప్పి వెళ్ళింది. ఇంతలో గార్డు వచ్చి బండి అక్కణ్ణుంచి తీయమని గదిమాడు. విలువైన వస్తువేదీ సీటు మీద కనపడకూడదని కంపెనీ చేరిన రోజే నూరిపోసింది. ముత్యం బండిని వెనక్కి తెచ్చి, సంచిని భద్రంగా డిక్కీలో పెట్టి, తాళం వేసి, అన్నం తినడానికి వెళ్ళాడు.

వెంటనే జెర్రీకి ఫోన్ చేశాడు. అమలాపురం జెర్రీ టోర్నమెంట్‌లో వాలంటీర్. ఆటకు ముందు బ్యాట్లను మెషిన్‌తో తనిఖీ చేసే బల్ల దగ్గర డ్యూటీ.

"అన్నా, బ్యాటు పూరీ లెక్క పొంగింది. ఏమన్న చేస్తె సక్కగైతదా?"

"డిక్కీలో పెట్టావా?" జెర్రీ గొంతు తగ్గింది. "వేడికి జిగురు వదిలేసుంటుంది. అది మా బల్ల దగ్గరే ఆగిపోద్ది ముత్యం."

కొత్త రబ్బరు అంటించినా సాయంత్రంలోపు ఆరదని, తడి జిగురు వాసనను మెషిన్ పట్టేస్తుందని చెప్పాడు. ఇంకొకరి బ్యాట్‌తో ఆడటమంటే ఇంకొకరి కళ్ళద్దాలు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే అన్నాడు. ఈ సాయంత్రం గెలిస్తే ఆమెకు మరో ఒలింపిక్స్ ఖాయమట. కోచ్ ఆమె కన్నతండ్రే. బ్యాట్ సంచిని నేల మీద పెట్టాడని పోయిన టోర్నీలో ఒక డ్రైవర్‌ని ఉద్యోగంలోంచి తీయించాడట.

"నువ్వు ధైర్యం జెప్తున్నవా, పాడె కడ్తున్నవా?"

"స్పేర్ ఉంటుందిగా. ఆవిడ కాళ్ళు పట్టుకో. ముసలాయన కంట మాత్రం పడకు."

కాసేపటికి రేష్మా బయటికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. ఆమె ముత్తాతలు బీహార్ నుంచి ఓడలో దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళినవాళ్ళు. తర్వాతి తరాలవాళ్ళు నెదర్లాండ్స్ చేరారు. ఇంట్లో తండ్రీకూతుళ్ళు మాట్లాడుకునేది ముత్యానికి అర్థమయ్యే పాత హిందీయే. అతను ఏమీ దాచలేదు. బ్యాట్ చూపించి, కంపెనీకి తెలిస్తే తన వీసా రద్దు చేసి పంపేస్తారని చెప్పాడు. ఆమె తిట్టలేదు. పొంగిన రబ్బరును బొటనవేలితో చాలాసేపు నిమురుతూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది.

హోటల్‌కి వెళ్ళే దారిలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక మందుల షాపు ముందు బండి ఆపించి, నొప్పి మాత్రలు తెమ్మంది. ఏసీ ఆగకుండా ఇంజన్ ఆన్‌లోనే ఉంచి వెళ్ళాడు ముత్యం. షాపు నిండా జనం. వంతు రావడానికి చాలా సేపే పట్టింది. తిరిగొచ్చేసరికి ఇంజన్ ఆగి ఉంది. రేష్మా రోడ్డు పక్క గోడ నీడలో నిలబడి చెమట తుడుచుకుంటోంది. తలుపు తీస్తే బండి లోపల పొయ్యిలా ఉంది, ఆమె చిన్న సంచి సీటు మీదే ఉంది. చల్లగా కూర్చోకుండా బయటెందుకు నిలబడిందో అతనికి అర్థం కాలేదు.

హోటల్ వాకిట్లోనే ఎదురుచూస్తున్నాడు తండ్రి. తెల్ల మీసం, మెడలో విజిల్. బండి ఆగీ ఆగకముందే తలుపు తీసి బ్యాట్లు చూపించమన్నాడు. మొదటిది చూశాడు. అరవలేదు. ముత్యం వైపు తిరిగి పేరు అడిగాడు, కంపెనీ పేరు అడిగాడు, జేబులోంచి ఫోన్ తీశాడు.

తర్వాత ముసలాయన స్పేర్ కోసం చెయ్యి చాపాడు. రేష్మా చిన్న సంచి జిప్పు తీసింది. దాని రబ్బరు కూడా అంచు నుంచి లేచి, బొబ్బలా ఉబ్బి ఉంది.

ఆ బ్యాట్ ముత్యం చేతికే రాలేదు. ఆ మాట చెప్తే ఎవరు నమ్ముతారు?

"రెండూ ఎండలో పెట్టావా?"

"సాబ్, ఒకటే..."

"ఎవరు పెట్టమన్నారు? ఎవరి మనిషివి నువ్వు?"

ముసలాయన ఫోన్‌లో నంబర్ నొక్కసాగాడు. ఆరేళ్ళప్పుడు కూతురి చేతికి తనే బ్యాట్ ఇచ్చానన్నాడు. పండగ లేదు, స్నేహితులు లేరు, ముప్పై ఏళ్ళుగా ఒక్క పూట ఆట మాననివ్వలేదన్నాడు. దాన్నంతా మట్టిపాలు చేసినవాణ్ణి ఊరికే ఇంటికి పంపనని, ముందు పోలీసులకే అప్పగిస్తానని అన్నాడు.

ముత్యానికి ఊరు గుర్తుకు రాలేదు, దేవుడూ గుర్తుకు రాలేదు. సాయం కోసం రేష్మా వైపు చూశాడు. ఆమె కుడి భుజం కిందికి జారిపోయి ఉంది. దానికి ఏమైందని, డాక్టరు ఏం చెప్పాడని తండ్రి ఇంతవరకూ అడగలేదు.

అవతల ఫోన్ మోగుతోంది. రేష్మా ఎడమచేత్తో తండ్రి మణికట్టు పట్టుకుని, తప్పు చేసిన చిన్నపిల్లలా తల దించుకుంది.

"అతన్ని వదిలెయ్ నాన్నా. రెండోదాన్ని ఎండలో పెట్టింది నేను."