గాలికి తాళం

"సంతకం పెట్టు. పెట్టకున్నా నీ నౌకరి పోయినట్టే" అంటూ నీటిపారుదల శాఖ డి.ఈ. సస్పెన్షన్ కాగితాన్ని కంట్రోల్ రూము బల్ల మీద గుర్వమ్మ ముందుకు తోశాడు.

గుర్వమ్మ పెన్ను ముట్టలేదు. రాళ్లవాగు కాలువ మీద ఆఖరి తూము తెరిచేది, మూసేది ఆమే. ఆ తూము మూస్తే నీళ్లు అక్కడే నిలిచి పైపొలాలకు ఎక్కుతాయి. దిగువన ఎనభై ఎకరాల యాసంగి వరి ఎండుతుంది. వారం రోజులుగా పట్టపగలు అదే జరుగుతోంది.

"నా అంతల నేను మూయలేదు సారూ. వైర్‌లెస్‌ల కంట్రోలోళ్లు మూయమన్నరు, మూసిన."

కంట్రోల్ రూము ఆపరేటర్ జంగయ్య తన పుస్తకం తెరిచి చూపించాడు. వారంలో అలాంటి ఆర్డరు ఒక్కటీ ఇక్కడినుంచి వెళ్లలేదు.

విచారణకు నల్లగొండ నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు కళ్లజోడు సర్దుకుని, గోడవార నిలబడ్డ వైర్‌లెస్ మెకానిక్ ఖుద్దూస్ వైపు చూశాడు. ఖుద్దూస్‌ను ఒకరోజు ముందే ఇక్కడికి పంపింది ఆయనే, డి.ఈ. ఊళ్లో లేని రోజు చూసి. చెప్పవయ్యా, ఏం తేలింది అన్నాడు.

ఖుద్దూస్ ముందుకొచ్చాడు. కంట్రోల్ రూముతో కలిపి కాలువ పొడవునా ఉన్నవి ఆరు సెట్లు, అన్నిటికీ ఒకటే చానెల్. ఎవడు ఇంకో సెట్టు సంపాదించి అదే చానెల్ మీద "కంట్రోల్ మాట్లాడుతున్న" అన్నా, విన్నవాళ్లు నమ్మాల్సిందే. రోజూ పన్నెండింటికి జంగయ్య బ్యాటరీ మార్చడానికి పది నిమిషాలు సెట్టు ఆపుతాడు. అదే వేళకు మిగతా తూముల వాళ్లు సెట్లు వదిలేసి అన్నాలకు పోతారు. గుర్వమ్మ ఒక్కతే సెట్టు పక్కన కూర్చుని సద్ది విప్పుతుంది. ఆ గొంతు ఆమెకు వినపడింది రోజూ ఆ పది నిమిషాల్లోనే.

"కథ బాగనే ఉంది. గొంతు ఎవనిదో చెప్పు" అన్నాడు డి.ఈ.

అది తెలియదని ఒప్పుకున్నాడు ఖుద్దూస్. కానీ నిన్న పొద్దున్నుంచి రాత్రయ్యేదాకా కాలువగట్టు వెంట సైకిల్ మీద తిరిగి ఆరు సెట్ల చానెల్ మార్చేశాడు. పైన టోను తాళం కూడా వేశాడు. ఇక ప్రతి సెట్టూ మాటతోపాటు చెవికి అందని సన్నని హోరు ఒకటి పంపుతుంది. ఆ హోరు లేని మాటను మిగతా సెట్లు లోపలికి రానివ్వవు. ఆ ఆరూ తప్ప ఏడో సెట్టు ఇక పలకదు, వినదు.

డి.ఈ. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "నన్ను అడగకుండనా?"

నేనే చెప్పాను అన్నాడు పెద్ద ఇంజనీరు.

డి.ఈ. మళ్లీ వెనక్కి వాలాడు. తర్వాత నవ్వాడు. "అంటే ఇప్పుడు ఆ దొంగ మాట్లాడినా మనకు వినపడదు. దొంగను పట్టకముందే తలుపు మూసుకున్నవు. ఇగ రుజువు ఏడికెల్లి తెస్తవు?"

పెద్ద ఇంజనీరు మొహంలోనూ అదే ప్రశ్న ఉంది.

"నిన్న దిగువకు పోయి చూసిన సార్. మడులు ఎండి పర్రెలు వడ్డయి" అన్నాడు ఖుద్దూస్. "దొంగను పట్టేదాక చానెల్ ఇడిసిపెడితే పంట మిగలదు. ముందు నీళ్లు పోవాలె అనుకున్న."

గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఈరోజు సెట్టు ఆపవద్దని పెద్ద ఇంజనీరు జంగయ్యకు ముందే చెప్పి ఉంచాడు. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. అప్పుడు సెట్టు గరగరమంది. గుర్వమ్మ బదులు తూము దగ్గర కూర్చున్న బీరన్న, నీళ్లు ఆఖరి మడిదాకా ఎక్కాయనీ, రైతులు గట్ల మీద నిలబడి చూస్తున్నారనీ చెప్పాడు.

గుర్వమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఖుద్దూస్ ఛాతీ ఉప్పొంగింది. ఆ సంబరం నిమిషం కూడా నిలవలేదు.

"చూసిన్రా సార్?" అన్నాడు డి.ఈ. మెల్లగా. "వారం సంది నీళ్లు రాలే. ఇయ్యాల ఈమె తూము కాడ లేదు, నీళ్లు వచ్చినయి. ఇంతకంటే రుజువేం కావాలె?"

పెద్ద ఇంజనీరు నిట్టూర్చి కాగితం దగ్గరకు లాక్కున్నాడు. గుర్వమ్మను కాపాడగలిగిన ఒకే ఒక్క గొంతును ఖుద్దూసే తన చేతులతో నొక్కేశాడు.

"ఏం ఫికర్ చెయ్యకు ఖుద్దూస్ భాయ్" అంది గుర్వమ్మ. "పంట దక్కింది, చాలు."

పెద్ద ఇంజనీరు పెన్ను మూత తీశాడు.

వరండాలో కిర్రుచెప్పుల చప్పుడైంది. తెల్లధోవతి కట్టిన ఒక పెద్దమనిషి సొంతింట్లోకి వచ్చినట్టు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. డి.ఈ. మొహం పాలిపోయింది. అతను కుర్చీ కిందపడేంత వేగంగా లేచి, "మామా, మీరు ఇంటికి పోన్రి. నేనొస్త" అన్నాడు.

పెద్దమనిషి కదల్లేదు. గదిలో ఇంకెవరున్నారో కూడా చూడకుండా, కండువాలో చుట్టి తెచ్చిన చేతి వైర్‌లెస్ సెట్టు తీసి ఆ సస్పెన్షన్ కాగితం మీద ఠపీమని పెట్టాడు.

"నువ్విచ్చిన గీ డబ్బా పొద్దటి సంది పలుకుతలేదు అల్లుడా. తూము మూయమని ఆ గుర్వమ్మకు ఇగ నేనెట్ల చెప్పాలె?"