బావగారి బండి పాఠం

“ముందు చక్రం వంక చూడకు. అక్కడ నీదేమైనా పడిపోయిందా? ఎటు పోవాలో అటు చూడు” అన్నాడు బావ, బండి పక్కనే పరిగెడుతూ.

బావమరిది తలెత్తాడు. అప్పటిదాకా వంకర్లు తిరిగిన బండి బుద్ధిగా ముందుకు పోయింది. మూతపడ్డ గోడౌన్ వెనకాల ఖాళీ స్థలమది. గోడ నీడలో వాళ్ళక్క నిలబడి రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

బావకి కళ్ళద్దాల షాపుంది. బండి కొని నెల కూడా కాలేదు. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతోనే రోజూ దాన్నీ తుడుస్తాడు. ఇంకెవరి చెయ్యి పడినా ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది. అలాంటి మనిషి ఈ పాఠానికి దిగాడంటే దానికో కారణముంది. సోమవారం నుంచి ఆయన భార్యకి కొత్త ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. డ్యూటీ తెల్లారకముందే మొదలు. ఆ వేళకి బస్సులుండవు, ఆలస్యమైతే ఉద్యోగముండదు. “నేనే నేర్చుకుంటానండీ” అని ఆవిడ ఎన్నిసార్లు బతిమాలినా, “నీ చేతికిస్తే ఆ రోజే పడుకోబెడతావు” అని బావ కొట్టిపారేశాడు. పోనీ ఆయన దింపుతాడా అంటే, ఆయనకి ఉదయించే సూర్యుడితో ముఖపరిచయం కూడా లేదు. చివరికి ఈ మధ్యాహ్నం ఆవిడే దారి చెప్పింది. ఉద్యోగం వెతుక్కుంటూ తమ దగ్గరే ఉంటున్న తమ్ముడికి నేర్పితే వాడు దింపుతాడని. బావ ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఒక్కసారి పడేసినా వాడిక బండి ముట్టుకోకూడదు.

బయల్దేరేముందు బండికి ఎడమపక్కంతా బురద కొట్టుకుని ఉంటే బావ గుడ్డ తీశాడు. ఆవిడ చటుక్కున లాగేసుకుంది.

“ఎలాగూ దుమ్ములోకే పోతున్నారు. వచ్చాక తీరిగ్గా తుడుచుకోండి.”

అదీ నిజమే అనిపించి బావ ఊరుకున్నాడు.

“ఇప్పుడు మలుపు తిప్పు” అన్నాడు బావ. “హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పట్టుకున్నావో, అక్కడికక్కడే కూలిపోతావు. క్లచ్ సగం వదిలి, కాలి బ్రేకు మెల్లిగా నొక్కు.”

బావమరిది అచ్చం అలాగే తిప్పాడు.

“విన్నావా అక్కా, ముందు బ్రేకు పట్టుకోకూడదట” అని అరిచాడు అటునుంచి.

“నాకెందుకురా, నువ్వు విను” అంది ఆవిడ, మొహం అటు తిప్పుకుని.

“ఆగేటప్పుడు కాలు ఎక్కడ పెడుతున్నావో ముందే చూసుకో. ఇసుక మీద పెడితే జారుతుంది. ఇంకో సంగతి. బండి మరీ ఒరిగిపోతే బలం చూపించకు. వదిలేసి పక్కకి తప్పుకో. బండికైతే రిపేరుంది, నడుముకి లేదు.”

ఆ చివరి ముక్క చెప్పడానికి బావ గొంతుకి కాస్త కష్టమైంది.

బావమరిది ఇంకో రెండు చుట్లు కొట్టాడు. ఎక్కడా తడబడలేదు. బావ ఛాతీ ఉబ్బింది.

“చూశావా? చెప్పేవాడు చెబితే ఎవడికైనా వస్తుంది” అన్నాడు భార్యతో.

సరిగ్గా అప్పుడే బావమరిది వచ్చి, శుభ్రమైన నేలంతా వదిలేసి ఇసుక కుప్ప పక్కన ఆగాడు. ఎడం కాలు తీసుకెళ్ళి ఇసుకలో పెట్టాడు. బండి మెల్లగా ఒరిగింది. వాడు మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు.

ముగ్గురూ కలిసి బండిని లేపారు. బావ చేత్తో బురద తుడిచి చూస్తే ట్యాంకు మీద జానెడు గీత, క్లచ్ లివరు వంకర.

“పట్టుకోవచ్చుగా రా!”

“వదిలెయ్యమన్నావు కదా బావా.”

“ఇసుకలో పడితే ఇంత గీతా?”

“ఇసుకలో రాళ్ళుండవూ?” అంది ఆవిడ గబగబా. తమ్ముణ్ణి చెడామడా తిట్టింది కూడా. “కళ్ళు నెత్తికెక్కాయా? ఆయన నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతూనే ఉన్నారు కదా.”

“షరతు షరతే. వీడిక దీన్ని ముట్టుకోవడానికి వీల్లేదు” అన్నాడు బావ.

“న్యాయంగానే ఉంది” అంది ఆవిడ. “అయితే సోమవారం నుంచి మీరే దింపుతారు. రోజూ నాలుగింటికల్లా లేపుతాను.”

బావ గీత వంక చూశాడు. భార్య వంక చూశాడు. మళ్ళీ గీత వంక చూశాడు. ఇందాకటంత పెద్దదిగా కనిపించలేదు.

“అయినా కొత్తవాడు పడెయ్యక ఇంకెవడు పడేస్తాడులే” అన్నాడు. “ఒక పని చెయ్యండి. రేపటి నుంచి పొద్దున్నే అక్కాతమ్ముళ్ళిద్దరూ ఇక్కడికొచ్చి ప్రాక్టీసు చేసుకోండి. నన్ను మాత్రం లేపకండి.”

“మీరెలా అంటే అలాగేనండీ” అంది ఆవిడ వినయంగా.

లివరు సరిచేయించాలని బావ బండిని తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి బయల్దేరాడు. ఆయన సందు మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. తమ్ముడు ప్యాంటుకంటిన ఇసుక దులుపుకున్నాడు.

“ఇవాళ పొద్దున్నలాగే రేపు కూడా పడేశావంటే, నీ బదులు నేనింక పడనక్కా.”