మైకు టెస్టింగ్

"ఆదివారం సాయంత్రానికి గది తయారవ్వాల్సిందే. ఆ తర్వాత బంగారంతో చేసిచ్చినా నాకక్కర్లేదు!" డ్రిల్లు మాస్టారు వడ్రంగి మీద విరుచుకుపడ్డాడు.

"ఎందుకు సార్ అంత తొందర? అమ్మగారికి సినిమా ఛాన్సొచ్చిందా?"

"నీకెందుకయ్యా! నీ పని నువ్వు చూసుకో."

ఆయన మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినపడుతుంది. బళ్ళో పిల్లలు ఆయనకు 'ఉరుము' అని పేరు పెట్టుకున్నారు. ఇంట్లోనూ ఉరుమే. భార్య ఏదైనా చెప్పబోతే చాలు, "నువ్వు కాసేపు నోరు ముయ్యి" అనేవాడు. ఇంటి విషయమైనా అంతే, చుట్టాల విషయమైనా అంతే. పెళ్ళికి ముందు ఆవిడ కచేరీలు చేసిన మనిషి. కాపురానికొచ్చిన కొత్తలోనే హార్మోనియం అటకెక్కింది. తర్వాత అక్కడి నుంచి కూడా మాయమైంది.

అలాంటి మహానుభావుడికి ఉన్నట్టుండి భార్య గొంతు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. సామాన్ల గది ఖాళీ చేయించాడు. కిటికీ సందులకు రబ్బరు పట్టీలు అంటించాడు. గోడలకు చెక్క ఫ్రేములు కొట్టించి, వాటి నిండా దూది కూరించాడు. నేలకు తివాచీ పరిచాడు. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి, మోత వస్తోందేమోనని చెవులు రిక్కించాడు. కాస్త వచ్చినట్టనిపిస్తే తన పరుపే తెచ్చి మూలకు ఆనించాడు.

బావమరిదిది రికార్డింగ్ పనే. మంచి మైకు, స్టాండు, హెడ్‌ఫోన్లు తెచ్చి ల్యాప్‌టాప్‌కి కలిపాడు.

"ఈ బుద్ధి పెళ్ళైన కొత్తలో ఉండాల్సింది బావా," అన్నాడు వైరు బిగిస్తూ.

ఇంకో రోజైతే మాస్టారు ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఇప్పుడు తల దించుకుని, "ఏదోలేరా, ఇప్పటికైనా..." అని నసిగాడు.

ఆదివారం సాయంత్రం ఫ్యాను ఆపారు. ఫ్రిజ్ వైరు పీకారు. మాస్టారు పక్కింటికెళ్ళి, కాసేపు మిక్సీ వెయ్యొద్దని బతిమాలొచ్చాడు. ఈయనకు బతిమాలడం కూడా వచ్చా అని పక్కింటావిడ నోరెళ్ళబెట్టింది.

ఆవిడ గోరువెచ్చటి నీళ్ళు తాగి, మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని, మైకు ముందు కూర్చుంది.

"పాట తర్వాత పాడుదువుగాని అక్కా. ముందు మామూలు మాటలు చెప్పు. ఇంట్లో రోజూ అనేవే," అన్నాడు తమ్ముడు.

"అవునే. 'ఏమండీ' అను. 'భోజనానికి రండి' అను. పోనీ, నీ నోటికి ఏదొస్తే అదే అను." మాస్టారు బతిమాలాడు.

ఆవిడ మొగుణ్ణి తేరిపార చూసింది. రికార్డింగ్ ఎర్ర దీపం వెలిగింది.

"మీరు కాసేపు నోరు ముయ్యండి."

గొంతు కొంచెం బొంగురుపోయినా ఒక్క అక్షరం తొణకలేదు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి లేచింది.

"అదేంటే! అప్పుడే లేస్తావేంటి? ఇంకేమైనా చెప్పవే. ఒక్క పాటైనా పాడవే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇన్నాళ్ళూ నోట్లో దాచుకున్నది అదొక్కటే. చెప్పేశాను."

పడగ్గదిలోకెళ్ళి తలుపేసుకుంది. మాస్టారు ఎంత కొట్టినా తియ్యలేదు. ఆయన అక్కడే గుమ్మంలో కూలబడి, పిల్లాడిలా ఏడ్చాడు. బావమరిది కళ్ళు తుడుచుకుని, రికార్డయిన ఆ ఒక్క మాటనీ జాగ్రత్తగా భద్రపరిచాడు.

రేపు పొద్దున ఆపరేషన్‌లో క్యాన్సర్ పట్టిన స్వరపేటికను డాక్టర్లు తీసేశాక, రికార్డయింది వినిపించే యంత్రం మీట నొక్కి ఆవిడ తన సొంత గొంతుతో చెప్పగలిగేది ఇక ఆ ఒక్క మాటే.