ఘాటు రాని మిరపకాయలు

“అత్తా, ఆ మిరపకాయలు కింద పెట్టు. చర్చి అయ్యగారికి తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా?”

కోడలు జయశ్రీ అడ్డం నిలబడింది. నాగేంద్రమ్మ చేతిలో పిడికిలి మాత్రం విప్పలేదు.

“నిన్న దిగినకాడి నుంచి పిల్ల ముద్ద ముడుతలేదు. గద్వాల స్టేషన్‌ల చర్చి సంఘమంతా దండలు పట్టుకొని దాని మొహమే చూసె. పక్కింటోళ్లు మగ్గం ఆపి మరీ చూడొచ్చిరి. దిష్టి గాకుంటే ఏంది?”

“జర్మనీల ఇంకా తెల్లారలే అత్తా. పిల్ల ఒళ్లింకా ఆ టైముకే నిద్రపోతుంది, గంతే.”

మనవరాలు శ్రుతి చర్చి తరఫున, పాస్టరుగారి కొడుకు సుమన్‌తో కలిసి జర్మనీ వెళ్లి, అక్కడి చర్చి కుటుంబాల ఇళ్లలో ఉండి వచ్చింది. ఆదివారం ఆరాధనలో ఆ ప్రయాణం గురించి సాక్ష్యం చెప్పాలి. ఆ ఇంటి ఆడపిల్ల మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. నాగేంద్రమ్మ అప్పుడే మంచి చీర తీసి మడత విప్పి పెట్టుకుంది.

కానీ పాస్టరు విజయ్‌గారు మామూలు మనిషి కాదు. మనవడికి నల్లదారం కట్టిందని పోయిన నెలే చర్చికొచ్చే రాములమ్మను అందరి ముందూ నిలబెట్టి, ఆమె చేత్తోనే తెంపించారు.

జయశ్రీ పాల ప్యాకెట్‌కని వీధిలోకి వెళ్లింది. అంతే. నాగేంద్రమ్మ ఉప్పు, మిరపకాయలు నిద్రపోతున్న మనవరాలి చుట్టూ తిప్పి, పెరట్లో కట్టెల పొయ్యిలో వేసింది. చిటపటమన్నాయి. ఘాటు లేదు. ఒక్క తుమ్ము కూడా రాలేదు. దిష్టి గట్టిదే!

“అవ్వా.”

నాగేంద్రమ్మ తిరిగి చూసింది. పెరటి తలుపు దగ్గర పాస్టరుగారు.

“పొయ్యిల ఏమేసినవ్?”

“నీళ్లు కాగవెడుతున్న అయ్యగారూ.”

“గిన్నె ఏది?”

ఆమె పొయ్యికి అడ్డం జరిగింది.

“మిరపకాయలేనా?”

“తప్పయింది అయ్యగారూ. నన్ను నిలబెట్టుండ్రి, పిల్లకేం తెల్వదు. దాన్ని మాత్రం మాట్లాడనియ్యుండ్రి.”

ఆయన వినలేదు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పుల్లతో బూడిద కెలికారు.

“తొడిమెలు తీసినవా?”

“లే... లేదు.”

“ఉప్పు దొడ్డుదా, సన్నదా?”

“దొడ్డుదే.”

నాగేంద్రమ్మకు బుర్ర తిరిగింది. తిట్టడేం? తొడిమెలకు ఒక శిక్ష, దొడ్డుప్పుకు ఇంకో శిక్షా?

“ఎవరన్న చూసిన్రా?”

“మా జయకు గూడ తెల్వదు.”

ఇంతలో లోపలి నుంచి శ్రుతి కేక. “అవ్వా, ఆకలైతుంది! రొట్టె ఉన్నదా?”

పాస్టరుగారు దిగ్గున లేచారు. “లేచిందా?”

“లేచింది. మీ ప్రార్థనకే లేచింది అయ్యగారూ!” తడబడుతూనే అతికించింది.

ఆయన మొహంలో నవ్వు లేదు. గోడకు అటూ ఇటూ తొంగి చూశారు. పెరటి తలుపు దగ్గరగా వేశారు. రెండడుగులు ముందుకొచ్చి వంగారు. ఆదివారం సాక్ష్యం పోయినట్టేనని నాగేంద్రమ్మ కళ్లు మూసుకుంది.

“అవ్వా, జర మా సుమన్‌కు గూడ తియ్యి.”