కోటు లోపలి డబ్బా

"మీ రెండు బల్లులూ మగవే. ఒకే గాజుపెట్టెలో ఎవరు పెట్టారు?" మా గెక్కో బల్లి మెడ మీది గాటుకు మందు రాస్తూ డాక్టరమ్మ అడిగింది.

"నేనే" అంది విల్యా. నా కూతురికి తొమ్మిదేళ్లు.

"ఎంత పని చేశావమ్మా! భయంతో తోక కూడా వదిలేసింది చూడు. మళ్లీ మొలుస్తుందిలే, కానీ మొదటిదానిలా ఉండదు."

విల్యా తల దించుకుంది. నేను కిటికీలోంచి మంచును చూస్తూ నిలబడ్డాను.

బయట, తాంపెరె నగరపు ట్రామ్ స్టాపులో విల్యా బల్లి డబ్బాను కోటు లోపల పెట్టుకుని, చలి తగలకుండా రెండు చేతులతో హత్తుకుంది.

పొద్దున ఒక పెట్టె కడిగేదాకా అని బల్లులను కలిపేసి, ఫోన్ మోగితే మాటల్లో పడిపోయింది నిజానికి నేనే. విల్యా అప్పటికింకా లేవలేదనుకున్నాను.

"నేను కలపడం నువ్వు చూశావు కదా? మరి అలా ఎందుకు చెప్పావు తల్లీ?"

"నువ్వని తెలిస్తే, అమ్మ ఇంక శనివారాలు నన్ను నీ దగ్గరికి పంపదు నాన్నా. నేనే చేశానని చెబితే తిట్టి ఊరుకుంటుంది. అమ్మతో ఇద్దరం ఇదే చెబుదాం, సరేనా?"

ట్రామ్ వచ్చింది.

"సరే" అన్నాను.